మా బావకి ఎనభై నాలుగు శాతం

మా బావ శాలేమురాజు పదో తరగతి నాలుగుసార్లు తప్పాడు. ఈ మాట నేను ఆయన వెనక అనడం లేదు. ముఖం మీదే అంటాను, పెళ్ళయిన దగ్గర్నుంచీ అంటూనే ఉన్నాను. మొదటి రెండుసార్లు ఒంటరిగా తప్పాడు. మూడోసారి నాతో కలిసి రాశాడు, ఎందుకంటే అప్పటికి నేను కింది తరగతుల్లోంచి ఎక్కివచ్చి ఆయన్ని అందుకున్నాను. ఆయన మా మేనత్త కొడుకు. ఒకే బడి, ఒకే లెక్కల మాస్టారు. నాకు ఫస్టు క్లాసు వచ్చింది, ఆయనకి లెక్కలు పోయాయి. నాలుగోసారి నా నోట్సు చదివి మరీ తప్పాడు.

అలాంటివాణ్ణి ఎందుకు చేసుకున్నావే శోభారాణీ అని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. చేసుకున్నాను, నా ఇష్టం. ఫెయిలైన రోజు కూడా సైకిలు తొక్కుకుంటూ మా ఇంటికొచ్చి, మా అమ్మ పెట్టిన గారెలు తిని, నాకు ఫస్టు క్లాసొచ్చిందని వీధి వీధంతా చెప్పొచ్చిన మనిషి ఆయన. మరి నీ సంగతేంట్రా అని అడిగిన వాళ్ళకి, అది మామూలేగా అని చెప్పాడట. అలాంటివాణ్ణి ఇంకొకతెకి వదులుతానా?

రేపల్లెలో మాకు టెంటు హౌసు ఉంది. షామియానాలు, కుర్చీలు, వంట పాత్రలు, మైకు సెట్టు అద్దెకిస్తాం. బుకింగులు, ఫోన్లు, ఎవరి గుండిగలు ఎవరింట్లో ఉండిపోయాయో చూసుకోవడం నా పని. పందిళ్ళు వేయించడం, మైకు సర్దడం, చివరి బంతిలో కూర్చుని భోజనం చెయ్యడం ఆయన పని. పందిరి వేసినవాడు తినకుండా వెళితే ఆ ఇంటికి మంచిది కాదట. ఇది ఎక్కడ రాసుందని అడిగాను. అనుభవంలో ఉందన్నాడు. హిందువుల పెళ్ళిలో బూరెలు, క్రైస్తవుల పెళ్ళిలో బిర్యానీ, భట్టిప్రోలులో ఎవరి పుట్టినరోజైనా సరే కేకు. తిండి దగ్గర మా బావకి మతభేదం లేదు.

దాంతో పొట్ట వచ్చింది. ఊరికే రాలేదు, కాపురానికే వచ్చింది. చుట్టాలు చూసి రాజు ఒళ్ళు చేశాడు, అంతా శోభ చేతి చలవ అని మెచ్చుకునేవారు. నన్ను చూసి మాత్రం చిక్కిపోయావేంటే అని జాలిపడేవారు. కుర్చీల లెక్క కోసం ఆ చివర నుంచి ఈ చివరకి రోజంతా తిరిగేదాన్ని, నా ఒంటికి కండ ఎక్కడ పడుతుంది?

ఇంట్లో ఏ తగువొచ్చినా నా దగ్గర ఒక్కటే మాట ఉండేది. పదో తరగతి తప్పినోళ్ళతో వాదనేంటి? కొత్త జనరేటరు ఎప్పుడు కొనాలన్నా, గోడలకి ఏ రంగు వెయ్యాలన్నా ఆ మాటతోనే గెలిచాను. ఒక్క ఫస్టు క్లాసుని ఇంతకాలం ఇన్ని రకాలుగా వాడుకున్న ఆడది డెల్టా మొత్తంలో ఇంకొకతె ఉండదు.

ఇలా ఉండగా ఈ ఏడు వానలు వెనకపట్టాక బాపట్ల నుంచి కాలేజీ పిల్లలు కొందరు వచ్చారు. పెద్దవాళ్ళకి ఉచితంగా పరీక్షలు చేస్తారట, కాలవ పక్క వీధిలో చిన్న షామియానా, నాలుగు బల్లలు కావాలన్నారు. మా బావ అన్నీ వేయించి, అడక్కపోయినా మైకు కూడా పెట్టించి, రండి బాబూ రండి అని పిలవడం మొదలెట్టాడు. ఒక్కడూ రాలేదు. మా వీధి మగవాళ్ళు పాముని చేత్తో పట్టుకుంటారు గానీ సూదిని చూస్తే గుమ్మం దాటరు. అప్పుడు ఆ పిల్లల్లో తనూజ అనే అమ్మాయి మా బావ దగ్గరికొచ్చి, ముందు మీరు కూర్చుంటే మిగతావాళ్ళు వస్తారు అంకుల్ అంది. అంతే, ఉప్పొంగిపోయాడు. జన్మలో ఆయన్ని ముందు కూర్చోమన్నది బడిలో లెక్కల మాస్టారొక్కరే, అదీ కర్రకి అందుబాటులో ఉంటాడని.

సూది గుచ్చారు, బీపీ చూశారు. ఇక నడుము కొలవాలంది తనూజ. మా బావ బెల్టు ఉన్నచోటు చూపించి ముప్పై నాలుగు రాసుకోమన్నాడు. ఆయన ప్యాంటు సైజు నిజంగా ముప్పై నాలుగే, పొట్టని పైన వదిలేసి కింద కట్టుకుంటాడు మరి. అక్కడ కాదు, బొడ్డు మీదుగా కొలవాలని టేపు చుట్టబోయింది ఆ పిల్ల. వెంటనే ఊపిరి బిగబట్టాడు. ఆ పిల్ల కూడా తక్కువది కాదు, టేపు పట్టుకుని నవ్వుతూ అలాగే నిలబడింది. మనిషి ఎంతసేపని బిగబడతాడు? ముఖం వంకాయ రంగుకి తిరిగాక వదిలాడు, ఆ వదలడంలో టేపు చివర ఆమె వేళ్ళలోంచి జారిపోయింది. వీధంతా పగలబడి నవ్వింది. నవ్వి, ఆ నవ్వులోనే వరసలో నిలబడింది. నేనూ నిలబడ్డాను.

కొలతలయ్యాక ప్రశ్నలు. రోజుకి అన్నం ఎన్నిసార్లు, నడక ఉందా, నిద్ర పడుతుందా, అమ్మానాన్నల్లో షుగరు ఎవరికుంది, ఇవన్నీ అడిగి చేతిలో కంప్యూటరు పలకలో కొట్టుకుంది. చివర్లో ఒక మాటంది, రిజల్ట్సు ఫోన్‌కి వస్తాయి అని. ఆ మాటే కొంప ముంచింది.

మా వైపు రిజల్ట్సు అంటే ఎవరికీ రక్తం గుర్తుకురాదు, హాల్‌టికెట్టు గుర్తుకొస్తుంది. పిల్లాడికి పాలపళ్ళు రాలకముందే ఏ కోచింగు అని అడిగే నేల ఇది. తెనాలి నుంచి రేపల్లె దాకా ఎక్కడ గోడ ఖాళీగా ఉన్నా అక్కడ ర్యాంకులొచ్చిన పిల్లల ఫోటోలు ఉంటాయి. శాతం గుర్తు కనిపిస్తే అది మార్కులు కాక ఇంకోటి కూడా కావచ్చని మాకు ఎవరు చెప్పారు గనక?

నాలుగైదు రోజులకి పొద్దున్నే వీధిలో ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. మా బావ కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివాడు. శాలేమురాజు, మెటబాలిక్ సిండ్రోమ్, ఎనభై నాలుగు శాతం, హై. నా ఫోన్లో చూస్తే శోభారాణి, మెటబాలిక్ సిండ్రోమ్, ఇరవై రెండు శాతం, లో.

మెటబాలిక్ సిండ్రోమ్ అంటే ఏంటో మా ఇద్దరికీ తెలీదు. బోటనీ, జువాలజీలాగా అదో సబ్జెక్టు అనుకున్నాం. ఆ రోజు అడిగిన ప్రశ్నలకి చెప్పిన జవాబుల్ని బట్టి మార్కులు వేశారని తేల్చాడు మా బావ. అక్కడితో ఆగితే బాగుండేది, నన్ను ఓదార్చడం కూడా మొదలెట్టాడు. ఎన్నిసార్లు తింటారని అడిగితే తాను ఉన్నదున్నట్టు చెప్పాడట, నేనే మొహమాటపడి తక్కువ చెప్పుంటానట, అక్కడే మార్కులు పోయుంటాయట. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎద్దు ఈనిందంటే దూడని గాట కట్టెయ్యమన్నట్టు, వీధిలో ఒక్కడికీ అనుమానం రాలేదు. మా వంటమనిషి పేరు మార్కు, వాడికి అరవై ఒకటి వచ్చింది. వాడి నోట్లో నువ్వుగింజ నానదు, తన ఫస్టు క్లాసునీ మా బావ డిస్టింక్షన్నీ టిఫిన్ల వేళకే బస్టాండు దాకా మోసుకెళ్ళాడు. వరికోతలకి వెళ్ళే విజయమ్మత్తకి పదిహేనే వచ్చిందట, పాపం ఫోను బియ్యం డబ్బాలో దాచేసుకుంది. ఇక వెంకటకృష్ణయ్య మాస్టారు. మా ఇద్దరికీ లెక్కలు చెప్పిన మాస్టారు ఆయనే, పొలాలున్నా పాఠాలు మానని మనిషి, ఇప్పుడు డెబ్భై దాటాయి. ఆయనకి వచ్చింది నలభై ఏడు. అక్షరాలు కనపడక ఫోను చెయ్యంత దూరం పట్టుకుని అంకె మాత్రం చూశారు. థర్డు క్లాసు అని రోజంతా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదట.

సాయంత్రం ఆయనే కర్ర పోటేసుకుంటూ మా గుమ్మంలోకి వచ్చారు. మా బావ లేచి చేతులు కట్టుకున్నాడు, అలవాటు ఎక్కడికి పోతుంది? మాస్టారు, "నవ్విన నాప చేనే పండుద్దంటారు, నీ విషయంలో నేను నవ్వాన్రా రాజూ, తప్పు నాది" అన్నారు. మా బావ ఏడ్చేశాడు. ఈ జన్మలో నాలుగుసార్లు ఫెయిలై ఒక్కసారీ ఏడవని మనిషి, మాస్టారి చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను టీ పెట్టే నెపంతో లోపలికెళ్ళి పొయ్యి దగ్గర నిలబడి నేనూ ఏడ్చాను. ఆయనవి ఆనందబాష్పాలు. నావి కుళ్ళు కన్నీళ్ళు. ఇరవై రెండేంటి నాకు? నా బతుకులో అరవైకి తక్కువ చూసిన దాన్నా నేను?

ఆ తర్వాత మా ఇంట్లో రాజ్యం మారిపోయింది. ఆదివారం మా చర్చిలో ఆరాధనయ్యాక మా బావ లేచి సాక్ష్యం చెప్పాడు. అంటే దేవుడు తనకి చేసిన మేలు అందరి ముందూ చెప్పుకోవడం మాలో ఆనవాయితీ. ఉద్యోగం వచ్చినవాళ్ళు, జబ్బు నయమైనవాళ్ళు చెబుతారు. మా బావ మెటబాలిక్‌లో ఎనభై నాలుగు ఇచ్చిన దేవునికి స్తోత్రం అన్నాడు. సంఘమంతా ఆమేన్ అంది. ఇంటికొచ్చాక కూరలో ఉప్పు ఎక్కువైందని నాతో అన్నాడు. సరిగ్గానే ఉందన్నాను. దానికి ఆయన ఎంతో సౌమ్యంగా, ఇరవై రెండు వచ్చినవాళ్ళతో వాదనేంటిలే అన్నాడు. నా ఆయుధం నా గుండెల్లోనే దిగింది. ఆయన అంతలోనే నొచ్చుకుని ఊరికే అన్నానే అని గడ్డం పట్టుకున్నాడు గానీ, నేను ఆ పూట అన్నం తినలేదు.

దీనికంతటికీ కృతజ్ఞతా కూడిక పెట్టాలన్నాడు. కొత్త ఇల్లు కట్టినా, పిల్లలు పరీక్ష ప్యాసైనా మేం పదిమందిని పిలిచి, ప్రార్థన చేయించి, భోజనం పెడతాం. వచ్చే శనివారం, సొంత షామియానా, సొంత మైకు, మార్కు చేతి బిర్యానీ, పెద్ద కేకు. మాస్టారు తెనాలి వెళ్ళి శాలువా కొనుక్కొచ్చారని తెలిసింది. మా బావకి రాత్రీపగలూ ఆ శాలువా ధ్యాసే. ఎలా నిలబడాలి, ఎటు వంగాలి అని అద్దం ముందు దుప్పటి కప్పుకుని చూసుకుంటుంటే నవ్వాలో కొట్టాలో తెలియలేదు నాకు.

నేనొక నిర్ణయానికొచ్చాను. రీకౌంటింగ్ పెట్టుకుంటాను. పదో తరగతి పిల్లలకే ఆ హక్కుంటే నాకెందుకు ఉండదు? శనివారం పొద్దున్నే కూడికకి మిఠాయిలు తేవాలి, తెనాలి వెళ్ళొస్తానని ఆయనతో అబద్ధమాడి, చెరుకుపల్లి మీదుగా వెళ్ళే బాపట్ల బస్సెక్కాను. దారంతా నేను అడగబోయే మాటలు వల్లె వేసుకున్నాను. నా పేపరు ఎవరు దిద్దారు? నా జవాబుల్లో తప్పేంటి? ఏడ్చే మగాణ్ణి, నవ్వే ఆడదాన్ని నమ్మకూడదంటారు, నేను చెప్పింది నిజం, ఆయన ఏడ్చాడని మార్కులేస్తారా అని కూడా అడుగుదామనుకున్నాను. మార్కులొచ్చాకే ఏడ్చాడని తర్వాత గుర్తొచ్చి అది తీసేశాను.

వాళ్ళ కాలేజీలో ఒక చిన్న గదిలో దొరికింది తనూజ. తెల్లకోటు వేసుకుని రక్తం సీసాలు సర్దుకుంటోంది. నేను కూర్చోకుండానే నా వాదన అంతా వినిపించాను. ఫస్టు క్లాసు దగ్గర మొదలెట్టి ఇరవై రెండు దాకా, మధ్యలో లెక్కల మాస్టారితో సహా. ఆ పిల్ల నోరు తెరుచుకుని వింది. విని, కుర్చీలో కూలబడి, తెల్లకోటు కొంగులాగా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

"అవి మార్కులు కాదాంటీ," అంది. "ఆ జబ్బు వచ్చే అవకాశం. ఎంత తక్కువుంటే అంత మంచిది."

తర్వాత నిదానంగా విడమరిచింది. పొట్ట చుట్టూ కొవ్వు, బీపీ, రక్తంలో చక్కెర, రక్తంలో చెడ్డ కొవ్వు పెరగడం, మంచి కొవ్వు తగ్గడం, ఈ ఐదింటిలో మూడు ఒక్క మనిషిలో చేరితే దాన్నే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారట. పైకి ఏ నొప్పీ ఉండదట, మనిషి హాయిగా తిరుగుతాడట. లోపల మాత్రం షుగరుకి, గుండెపోటుకి, పక్షవాతానికి దారి వేస్తూ ఉంటుందట. వేలమంది కొలతలు, వాళ్ళకి తర్వాత ఏమైందో చూసి నేర్చుకున్న కంప్యూటరు, మన కొలతలు చూసి రాబోయే ఐదేళ్ళలో మనకి అది వచ్చే అవకాశం ఎంతో అంచనా చెబుతుందట. నాకు బాగా తక్కువట. ఈ వయసులో ఇరవై రెండంటే సంతోషించాల్సిన సంగతేనట.

అబద్ధం ఎందుకు, ముందు నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నేను తప్పలేదు! ఇరవై రెండంటే నాది ఫస్టు క్లాసే, వీధి మొత్తానికి విజయమ్మత్త తర్వాత నేనే! శాలువా, సాక్ష్యం, అద్దం ముందు దుప్పటి, అన్నీ గుర్తొచ్చి నేనూ ఆ పిల్లా కలిసి బల్ల గుద్ది మరీ నవ్వాం. ఇంటికెళ్ళి ఏ మాటతో మొదలెట్టాలా అని వెతుక్కుంటున్నాను. అలా నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఎనభై నాలుగు గుర్తొచ్చింది. నా నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

తనూజ కూడా నవ్వు ఆపింది. అంకుల్‌కి రిజల్ట్సు వచ్చిన సాయంత్రమే ఫోన్ చేశామని చెప్పింది. ఎనభై నాలుగు వచ్చింది, వెంటనే డాక్టరుగారిని కలవాలి అని చెబితే, వెనకాల మైకు మోతలో అంకుల్ థాంక్సండి, అంతా దేవుని దయ అన్నాడట. బాపట్లలో టాప్ ఎవరని అడిగాడట. ఇంత పెద్ద సంగతి ఇంత ధైర్యంగా తీసుకున్న మనిషిని చూడలేదని వాళ్ళ సారు కూడా మెచ్చుకున్నాడట.

"ఇంకోటి కూడా అడిగారాంటీ," అంది తనూజ. "మా ఆవిడ ఇరవై రెండొచ్చిందని పొయ్యి దగ్గర ఏడుస్తుందమ్మా, నా దాంట్లోంచి ఓ ముప్పై తీసి ఆమెకి కలపండి, నాకు మిగిలింది చాలు అన్నారు. జోక్ చేస్తున్నారనుకుని కుదరదంకుల్ అన్నాను."

నేను లేచి కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డాను. జీవితం మొత్తం మీద ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయన చేతికి నాలుగు మార్కులొచ్చాయి. వచ్చిన సాయంత్రమే తెచ్చి నాకిచ్చెయ్యబోయాడు. నాకేమో ఆయన్ని ఓడించడానికి బస్సెక్కడం తోచింది. వెనక్కి తిరిగి ఒక్కటే అడిగాను, ఇది తగ్గుద్దా అమ్మా అని.

"తగ్గుద్దాంటీ. ఇది తలరాత కాదు, తుఫాను కబురు లాంటిది. కబురు ముందే తెలిస్తే పడవలు ఒడ్డుకి లాక్కోమా?"

బరువు కొంచెం తగ్గినా, రోజూ నడిచినా, డాక్టరు చెప్పింది విన్నా ఆ అంకె దిగుతుందని, సోమవారం పొద్దున్నే తీసుకురమ్మని చెప్పింది. తిరుగు బస్సులో కూర్చున్నానో లేదో ఆయన ఫోను. కేకు వచ్చిందట, దాని మీద ఎనభై నాలుగు గులాబీ రంగులో వేశారట, మాస్టారు శాలువాతో ముందు వరసలో కూర్చున్నారట, ఇంకా ఎక్కడున్నావే అని. గొంతు మతాబులా వెలుగుతోంది. వస్తున్నా బావా అని మాత్రం అనగలిగాను. ఆ సంతోషాన్ని ఇప్పుడు నా చేత్తోనే ఆర్పాలి. చెప్పకపోతే మనిషే ఉండడు.

దిగేసరికి వీధి వీధంతా మా షామియానా కిందే ఉంది. ప్రార్థన అయిపోయింది, గుండిగ మూత తీసినట్టున్నారు, వాసన బస్టాండు దాకా కొట్టింది. కొత్త చొక్కా బొత్తాలు పొట్ట దగ్గర లాక్కుంటుంటే మా బావ చాకు పట్టుకుని నా కోసం ఆగి ఉన్నాడు. మిఠాయిలేవని అడిగాడు. నేను చెయ్యి పట్టుకుని లాక్కుంటూ వెనక్కి, ఎక్కువైన కుర్చీలు పేర్చిన చోటుకి తీసుకెళ్ళి ఉన్నదంతా చెప్పేశాను. మెటబాలిక్ అంటే ఏంటో, హై అంటే ఏంటో, గుండె గురించి, అంతా.

మా బావ చాకు కుర్చీ మీద పెట్టాడు.

"అయితే ఇది కూడా తప్పానన్నమాట," అన్నాడు.

నా ప్రాణం ఉసూరుమంది. ఆయన చొక్కా మీద లేని దుమ్ము దులుపుతున్నాను. ఉన్నట్టుండి తలెత్తాడు.

"మరి నీ ఇరవై రెండు?"

"మంచిదేనంట. నాకేం భయం లేదంట."

ఆయన ముఖం చూడాలి. వారం రోజులుగా ఎనభై నాలుగు వచ్చిందని తిరిగిన ముఖంలో కూడా అంత వెలుగు నేను చూడలేదు. హమ్మయ్య అని కుర్చీలో కూర్చుండిపోయి, పొట్ట కదిలేలా నవ్వడం మొదలెట్టాడు. నాకు కోపం వచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి వచ్చాయి. నీ దాంట్లోంచి ముప్పై నాకిమ్మన్నావంట కదా, ఇప్పుడు ఇవ్వు, ఇద్దరం కలిసి పడదాం, ఎనభై నాలుగూ ఒక్కడివే ఏం చేసుకుంటావు అని గుద్దాను.

"ఇవ్వను," అన్నాడు. "అందులో ఒక్కటి కూడా నీకివ్వను."

లేచి, చొక్కా సర్దుకుని, తిన్నగా మైకు దగ్గరికి వెళ్ళాడు. నేను ఆపేలోపే అంతా చెప్పేశాడు, దాచుకోవడం ఆ మనిషికి రాదు. తనవి రోగం మార్కులని, అందరికంటే ఎక్కువ తనకే ఉన్నాయని, ఒరే మార్కూ నవ్వకు, నీ అరవై ఒకటి కూడా ఆ బాపతేనని. మార్కు గరిటె జారవిడిచాడు. ముందు ఎవరికీ అర్థం కాలేదు, అర్థమయ్యాక షామియానా ఎగిరిపోతుందేమో అన్నంత నవ్వు. వీధిలో ర్యాంకులన్నీ తలకిందులయ్యాయి. పైనున్నవాళ్ళు పొట్టలు తడుముకుంటున్నారు, కిందున్నవాళ్ళు లేచి నిలబడి అంకెలు అరుస్తున్నారు. విజయమ్మత్త పరుగున ఇంటికెళ్ళి బియ్యం దులుపుకుంటూ ఫోను తెచ్చి, పదిహేను చూడండి పదిహేను అని వరసలన్నీ తిరిగింది. మాస్టారు నలభై ఏడుకి బిర్యానీ ఎన్ని ముద్దలు తినొచ్చని నన్నే అడిగారు.

ఆ గోలంతా కొంచెం సద్దుమణిగాక మాస్టారి చేతిలో శాలువా అలాగే ఉంది. మా బావ అది అందుకుని, నా దగ్గరికొచ్చి, నా భుజాల చుట్టూ కప్పాడు. వారమంతా అద్దం ముందు నేర్చుకున్నాడు కదా, కప్పడం మాత్రం చక్కగా కుదిరింది. మా ఇంట్లో ప్యాసయ్యేది ఎప్పుడూ ఈవిడేనండి అని మైకులో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంతకాలం నేను కోరుకున్నది అదే, ఊరంతా చూస్తుండగా ఆయన నోటితో ఆ మాట. వచ్చింది. నాకొద్దు. నాకా గెలుపు అక్కర్లేదు, ఆ మనిషి ఉండాలి. ఉప్పు ఎక్కువైందని నాతో తగువు పడటానికి ఉండాలి. అక్కడే శాలువాలో ముఖం పెట్టుకుని భోరుమన్నాను, జనం ఆనందమనుకున్నారు.

సోమవారం పొద్దున్నే బాపట్ల బస్సెక్కాం. మా బావ కిటికీ పక్కన కూర్చున్నాడు. కూర్చున్న దగ్గర్నుంచి డాక్టరు ఏం మానెయ్యమంటాడో, బూరెలు ఆ జాబితాలో ఉంటాయా ఉండవా అని నన్ను చంపుకు తిన్నాడు. మధ్యలో ఒకసారి గొంతు తగ్గించి, సూది పెద్దదేమోనే అన్నాడు. ఆయన చెయ్యి పట్టుకున్నాను. బాపట్ల వచ్చేదాకా వదల్లేదు.